డిజైన్ 1984ది.. బాక్స్‌లో కారు 2004ది! ఆర్‌సీ మోడల్ కార్లలో అసలైన ‘వింటేజ్’ ఏది? లెక్క ఎలా వేస్తారు?

పాత రిమోట్ కారే కదా అని అటక మీద పడేస్తాం. కానీ అదే కారు కోసం ప్రపంచంలో ఎక్కడో ఓ కలెక్టర్ వేలం పాడుతుంటాడు. రేడియో కంట్రోల్ మోడల్ కార్లు, అంటే ఆర్‌సీ కార్లు ఇప్పుడు పిల్లల ఆటవస్తువులు మాత్రమే కావు. స్టాంపులు, నాణేలు, పాత గడియారాల్లాగే వీటికీ ఓ మార్కెట్ ఉంది. ఆ మార్కెట్లో ఎక్కువగా వినిపించే మాట ‘వింటేజ్’. ఎక్కువ మోసం జరిగేది కూడా ఆ మాట చుట్టూనే.

ఎన్నేళ్లు దాటితే వింటేజ్? 20 ఏళ్లా? 25 ఏళ్లా? కంపెనీ అదే కారును మళ్లీ తయారుచేసి అమ్మితే అది పాతదా, కొత్తదా? ఇక్కడ వయసు అంటే బాక్స్ మీద రాసే ‘14 ఏళ్లు పైబడిన వారికి’ అనే ఆడేవాళ్ల వయసు కాదు. కారు వయసు. వినడానికి చిన్న లెక్కే. వేసి చూస్తేనే తెలుస్తుంది అసలు తిరకాసు.

‘వింటేజ్’ అంటే అసలు అర్థం ఏంటి?

ఈ మాట పుట్టింది ద్రాక్షతోటలో. ఏ ఏడాది కోసిన ద్రాక్షతో వైన్ చేశారో చెప్పడానికి వింటేజ్ అనేవారు. అంటే మొదట్లో ఆ మాట ‘ఎంత పాతది’ అని కాదు, ‘ఏ ఏటిది’ అని చెప్పేది. కాలక్రమంలో పాతవన్నీ వింటేజ్ అయిపోయాయి. గందరగోళం అక్కడే మొదలైంది.

నిజమైన కార్ల విషయంలో ఈ లెక్క కాస్త తేలింది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా కార్లను తయారైన సంవత్సరాన్ని బట్టి తరగతులుగా విడగొట్టింది. 1904 చివరి వరకు వచ్చినవి ఒక తరగతి. 1905 నుంచి 1918 వరకు ‘వెటరన్’. 1919 నుంచి 1930 వరకు ‘వింటేజ్’. ఆ తర్వాతి వాటికి వేరే తరగతులు. ఈ లెక్కన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు ఆగి ఆగి చూసే 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ వింటేజ్ కారు కాదు, వెటరన్ కారు!

మన దేశంలో లెక్క వేరు. కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటిసారి రిజిస్టర్ అయి 50 ఏళ్లు దాటిన టూవీలర్, ఫోర్‌వీలర్ వింటేజ్ వాహనం అవుతుంది. కానీ వయసు ఒక్కటే సరిపోదు. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలాంటి వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు.

ఈ రెండు పద్ధతుల్లో తేడా గమనించాలి. ఫీవా వింటేజ్ తరగతికి కంచె ఉంది. 1930 దాటిన కారు ఎన్నేళ్లు గడిచినా అందులోకి రాదు. మన 50 ఏళ్ల నిబంధన మాత్రం జరిగే గీత. ఏటా కొన్ని కొత్త వాహనాలు ఆ గీత దాటి వింటేజ్‌లోకి వస్తూనే ఉంటాయి. ఆర్‌సీ కార్ల కలెక్టర్ల మధ్య తెగని వాదన కూడా సరిగ్గా ఇదే. కంచె వేయాలా? గీతను జరుపుకుంటూ పోవాలా?

ఏళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆర్‌సీ రేసింగ్‌కు అంతర్జాతీయ సంస్థలు ఉన్నాయి. రేసు నిబంధనలు అవి చూసుకుంటాయి. కానీ కలెక్టర్ల కోసం ‘ఇది వింటేజ్, ఇది క్లాసిక్’ అని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. అందుకే ఎవరికి తోచిన అంకె వారు వాడేస్తున్నారు.

ఎట్సీ లాంటి ఆన్‌లైన్ మార్కెట్లో వస్తువుకు 20 ఏళ్లు నిండితే వింటేజ్ అని అమ్ముకోవచ్చు. ఇదే కొలత ఆర్‌సీ కార్లకు పెడితే? జపాన్ కంపెనీ టమియా 2003లో తెచ్చిన టీటీ-01 చాసిస్ కూడా వింటేజ్ అయిపోతుంది. కొత్తగా ఈ హాబీలోకి వచ్చేవాళ్ల కోసం చేసిన, లెక్కలేనన్ని బాడీలతో అమ్ముడైన మామూలు చాసిస్ అది. దాన్ని వింటేజ్ అంటే పాత కలెక్టర్లు నవ్వుతారు.

పోనీ మన వాహనాల్లాగా 50 ఏళ్లు పెడదామా? అప్పుడు ఇంకో చిక్కు. టమియా మొదటి ఆర్‌సీ కారు పోర్షే 934 వచ్చింది 1976 చివర్లో. దానికి 50 ఏళ్లు నిండేది 2026 చివర్లో. 1980ల్లో పిల్లలను ఊపేసిన హార్నెట్ బగ్గీ అయితే 2034 దాకా ఆగాలి. కలెక్టర్లు ప్రాణం పెట్టే కార్లలో చాలావరకు జాబితా బయటే ఉండిపోతాయి.

ఇందులో మనసు లెక్క కూడా ఒకటుంది. ఎవరికైనా తమ చిన్నప్పుడు షాపు అద్దంలో చూసి, కొనలేకపోయిన కారే వింటేజ్. 1970లలో పుట్టినవారికి అది హార్నెట్. 1990లలో పుట్టినవారికి అది నైట్రో ఇంజిన్ ట్రక్. ఇద్దరూ వాదించుకుంటే తెల్లారిపోతుంది.

కారు చెప్పే కాలం.. ఐదు తరాలు

అందుకే ఏళ్లు లెక్కపెట్టడం మానేసి, కారు లోపలి టెక్నాలజీని చూడటం మేలు. బ్యాటరీ, మోటార్, స్పీడ్ కంట్రోలర్, రేడియో.. ఈ నాలుగూ మారినప్పుడల్లా కొత్త తరం మొదలైంది. అలా చూస్తే ఆర్‌సీ కార్ల చరిత్ర సుమారు ఐదు తరాలుగా కనిపిస్తుంది. ఇది అధికారిక విభజన కాదు. కానీ కారును చేతిలో పట్టుకుని పోల్చి చూసుకోగలిగిన విభజన.

మొదటి తరం (1966 - 1975): ఇటలీకి చెందిన ఎల్-జీ కంపెనీ 1966లో ఫెరారీ 250 ఎల్ఎం మోడల్ తెచ్చింది. అసలు కారులో 12వ వంతు సైజు. మార్కెట్లో అమ్మకానికి వచ్చిన తొలి ఆర్‌సీ కార్లలో దీని పేరే ముందు చెబుతారు. ఆ తర్వాత బ్రిటన్‌లో మార్‌డేవ్, అమెరికాలో అసోసియేటెడ్ లాంటి కంపెనీలు చిన్న ఇంధన ఇంజిన్లతో నడిచే రేసు కార్లు తెచ్చాయి. ఈ తరం కార్లు దొరకడమే అరుదు. వీటిని వింటేజ్ అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

రెండో తరం (1976 - 1983): పోర్షే 934తో టమియా రంగంలోకి దిగింది. ఈ మోడల్ కోసం కంపెనీ అధినేత షున్‌సాకు టమియా ఏకంగా ఓ నిజం పోర్షే 911 కొని, విప్పించి మరీ చూశారన్నది ఈ హాబీలో అందరికీ తెలిసిన కథ. 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ బగ్గీలు, 1981లో టొయోటా హైలక్స్ పికప్ వచ్చాయి. అచ్చం అసలు బండిలా కనిపించడం, లోహపు భాగాలు ఎక్కువగా ఉండటం ఈ తరం గుర్తు.

మూడో తరం (1984 - 1989): ఇది బగ్గీల స్వర్ణయుగం. టమియా గ్రాస్‌హాపర్, హార్నెట్ 1984లో వచ్చాయి. అదే ఏడాది అసోసియేటెడ్ కంపెనీ బంగారు రంగు అల్యూమినియం చాసిస్‌తో ఆర్‌సీ10 తెచ్చింది. 1985లో జరిగిన 10వ వంతు సైజు ఆఫ్‌రోడ్ కార్ల తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో టూ వీల్ డ్రైవ్ విభాగంలో గెలిచిన కారు అదే. క్యోషో ఆప్టిమా, టమియా హాట్‌షాట్, క్లాడ్ బస్టర్, అవాంటే.. కలెక్టర్లు కలవరించే పేర్లన్నీ ఇక్కడివే. 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ, బ్రష్డ్ మోటార్, 27 మెగాహెర్ట్జ్ లాంటి పాత బ్యాండ్ల క్రిస్టల్ రేడియో ఈ కాలపు సరంజామా. ఒకే క్రిస్టల్ ఉన్న రెండు కార్లు పక్కపక్కన నడిపితే, ఒకరి రిమోట్‌కు ఇంకొకరి కారు ఉలిక్కిపడేది!

నాలుగో తరం (1990 - 2000ల మధ్య వరకు): రోడ్డు మీద పరిగెత్తే టూరింగ్ కార్లు, ట్రాక్సస్ 1999లో తెచ్చిన టీ-మ్యాక్స్ లాంటి నైట్రో ట్రక్కులు ఈ కాలానివి. మెకానికల్ స్పీడ్ కంట్రోలర్ స్థానంలో ఎలక్ట్రానిక్‌ది మామూలైపోయింది. బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్‌కు మారింది.

ఐదో తరం (2000ల మధ్య నుంచి): బ్రష్‌లెస్ మోటార్, లిథియం పాలిమర్ బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. ఈ మూడూ దాదాపు ఒకే కాలంలో వచ్చి ఆట స్వరూపాన్నే మార్చేశాయి. క్రిస్టల్ గొడవ పోయింది. వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఎన్నేళ్లు గడిచినా ఈ తరం కారు ఆధునిక కారే తప్ప, 1984 హార్నెట్ పక్కన నిలబెట్టే వింటేజ్ కాదు.

ఇలా చూస్తే మొదటి మూడు తరాలను వింటేజ్ అని, నాలుగో తరాన్ని క్లాసిక్ అని, ఐదోదాన్ని ఆధునికం అని పిలవడం సబబుగా ఉంటుంది. క్యాలెండర్ మారినా ఈ గీత జరగదు. ఎందుకంటే అది కారు లోపలే ఉంది.

ఇక్కడే అసలు ట్విస్ట్.. రీ-రిలీజ్!

ఇంతవరకు బాగానే ఉంది. కానీ 2000లలో కంపెనీలు తమ పాత హిట్లను మళ్లీ తయారుచేసి వదలడం మొదలుపెట్టాయి. హార్నెట్ 2004లో మళ్లీ వచ్చింది. ఫ్రాగ్, గ్రాస్‌హాపర్, లంచ్ బాక్స్ 2005లో. హాట్‌షాట్ 2007లో. రఫ్ రైడర్ ‘బగ్గీ చాంప్’ పేరుతో 2009లో, శాండ్ స్కార్చర్ 2010లో, అవాంటే 2011లో వచ్చాయి. అసోసియేటెడ్ కూడా ఆర్‌సీ10ను ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ తెచ్చింది. క్యోషో వాళ్లూ అదే దారి పట్టారు.

హాబీకి ఇది మంచిదే. చిన్నప్పుడు కొనలేకపోయినవాళ్లు ఇప్పుడు కొనుక్కున్నారు. దొరకని స్పేర్ పార్టులు దొరికాయి. కానీ వయసు లెక్క మాత్రం తలకిందులైంది. 2004 హార్నెట్ డిజైన్ వింటేజ్. తయారీ కొత్తది. ఇంకా విచిత్రం ఏంటంటే, 20 ఏళ్ల కొలత పెడితే ఆ రీ-రిలీజ్ కారు కూడా ఇప్పుడు వింటేజే! అమ్మేవాడు ‘వింటేజ్ హార్నెట్’ అని ప్రకటన పెడితే, మాట వరకు అబద్ధం కాదు. కొనేవాడు 1984 కారు అనుకుని డబ్బు కడతాడు. సీల్ విప్పని 1980ల కిట్ ధరకు, రీ-రిలీజ్ కిట్ ధరకు పోలికే ఉండదు. నష్టపోయేది నమ్మినవాడే.

ఒరిజినలో కాదో ఎలా తెలుస్తుంది?

మొదట చూడాల్సింది బాక్స్ మీది కిట్ నంబర్. టమియా ప్రతి కిట్‌కూ ఓ నంబర్ ఇస్తుంది. రీ-రిలీజ్ అయితే ఆ నంబర్ మారుతుంది. ఉదాహరణకు 1984 హార్నెట్ నంబర్ 58045. 2004లో వచ్చిన దాని నంబర్ 58336. శాండ్ స్కార్చర్ అయితే 1979ది 58016, 2010ది 58452. పేరు ఒకటే, బొమ్మ కూడా దాదాపు ఒకటే. నంబర్ మాత్రం వేరు.

బాక్స్ లేకపోతే? చాలామంది పడే పొరపాటు ఇక్కడే. కారు తిరగేసి, ప్లాస్టిక్ మీద 1984 అని ఉంటే సంబరపడిపోతారు. అది ఆ ముక్క పోతపోసిన సంవత్సరం కాదు. దాని అచ్చు రూపొందిన సంవత్సరం. పాత అచ్చుతోనే 2004లో పోతపోసినా, ముక్క మీద పాత సంవత్సరమే పడుతుంది. అందుకే ఆ అంకె డిజైన్ వయసు చెబుతుందే గానీ, కారు వయసు చెప్పదు.

తయారైన చోటు కూడా ఓ ఆధారం. టమియా ఫిలిప్పీన్స్ ఫ్యాక్టరీ 1990లలో మొదలైంది. కాబట్టి కిట్ మీద ఫిలిప్పీన్స్ అని ఉంటే అది 1980ల కిట్ అయ్యే అవకాశమే లేదు. స్టిక్కర్లు కూడా చూడాలి. 1980ల నాటి బయటి కంపెనీల లోగోలు చాలావాటిని రీ-రిలీజ్‌లో తీసేశారు, లేదా మార్చారు.

లోపలి భాగాలు ఇంకా గట్టి సాక్ష్యం. ఫ్రాగ్‌లో పాత డ్రైవ్ షాఫ్టులు త్వరగా అరిగిపోయేవి. 2005లో మళ్లీ తెచ్చినప్పుడు కంపెనీ ఆ లోపం సరిదిద్ది, వేరే రకం షాఫ్టులు వేసింది. అంటే కొన్నిసార్లు బాగా పనిచేసే భాగమే ‘ఇది ఒరిజినల్ కాదు’ అని చెప్పేస్తుంది!

ఒకే కారు ఏళ్ల తరబడి అమ్ముడైతే ఆ లోపల కూడా తేడాలుంటాయి. ఆర్‌సీ10 మొదట్లో ఆరు గేర్ల గేర్‌బాక్స్‌తో వచ్చింది. తర్వాత దాని స్థానంలో స్టెల్త్ అనే గేర్‌బాక్స్ పెట్టారు. రెండూ ఒరిజినలే. రెండూ ఆర్‌సీ10లే. కానీ కలెక్టర్ దృష్టిలో రెండూ ఒకటి కావు.

సగం పాత, సగం కొత్త అయితే?

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇది. నలభై ఏళ్ల ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. తెల్ల బాడీ పసుపు రంగుకు తిరుగుతుంది. టైర్ల రబ్బరు పగుళ్లిస్తుంది. రిమోట్‌లో మర్చిపోయిన బ్యాటరీలు కారిపోయి కాంటాక్టులను తినేస్తాయి. దాంతో విరిగిన ముక్కల స్థానంలో రీ-రిలీజ్ ముక్కలు వేస్తారు. చాసిస్ 1984ది, బాడీ 2004ది, టైర్లు నిన్నటివి. మరి ఈ కారు ఏ కాలానిది?

మన వింటేజ్ వాహనాల నిబంధన ఇక్కడ దారి చూపిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజిన్ మారితే ఆ వాహనం స్వభావమే మారినట్టు. టైరు మారితే కాదు. ఆర్‌సీ కారుకూ అంతే. చాసిస్, గేర్‌బాక్స్, బాడీ.. ఈ మూడూ అప్పటివైతే కారు అప్పటిదే. టైర్లు, బేరింగులు, బ్యాటరీ అరిగిపోయే సరుకు. వాటిని మార్చినంత మాత్రాన కారు వయసు తగ్గదు. కాకపోతే మార్చిన సంగతి చెప్పి అమ్మాలి. తీసిన పాత ముక్కలను పారేయకుండా కారుతోపాటే ఇవ్వాలి.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంటుంది. పాత కారు దొరగ్గానే కొందరు ఉత్సాహంగా రంగు గీకేసి, కొత్త స్టిక్కర్లు వేసి, బ్రష్‌లెస్ మోటార్ బిగించేస్తారు. నడపడానికి అదిరిపోతుంది. కానీ అప్పటి పిల్లాడు చేత్తో వేసిన రంగు, మెకానికల్ స్పీడ్ కంట్రోలర్, దానికుండే వేడెక్కే రెసిస్టర్.. కాలాన్ని నిరూపించే సాక్ష్యాలన్నీ ఒక్క సాయంత్రంలో పోతాయి. దుమ్ము దులపడం వేరు, చరిత్ర తుడిచేయడం వేరు.

రేసు ఆడేవాళ్ల లెక్క వేరు

పాత కార్లతో రేసులు పెట్టే క్లబ్బులు కూడా ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది సమాన పోటీ. ఫలానా ఏడాదికి ముందు వచ్చిన డిజైన్ అయితే చాలు, రీ-రిలీజ్ అయినా రావచ్చు అంటాయి కొన్ని క్లబ్బులు. ఒరిజినల్ కారు ట్రాక్ మీద విరగడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అది సరైన నిర్ణయమే. కలెక్టర్‌కు మాత్రం డిజైన్ ఏడాది ఒక్కటే చాలదు, ఆ కారు తయారైన ఏడాది కూడా కావాలి. ఇద్దరూ ఒకే ‘వింటేజ్’ మాట వాడతారు. ఇద్దరి ఉద్దేశం వేరు.

మరి పరిష్కారం ఏంటి?

‘ఎన్నేళ్లు?’ అనే ఒక్క ప్రశ్నను మూడుగా విడగొడితే గందరగోళం చాలావరకు పోతుంది.

1. ఈ డిజైన్ మొదట ఏ ఏడాది వచ్చింది?
2. చేతిలో ఉన్న ఈ కారు ఏ ఏడాది తయారైంది?
3. ఇందులో ఏ భాగాలు అప్పటివి, ఏవి తర్వాత వేసినవి?

అప్పుడు ప్రకటన ఇలా ఉంటుంది: ‘హార్నెట్, డిజైన్ 1984, తయారీ 2004, టైర్లు మార్చినవి, నడిచిన కారు.’ ఇందులో వింటేజ్ అన్న మాటే లేదు. కానీ కొనేవాడికి తెలియాల్సినదంతా ఉంది. అదే ‘అరుదైన వింటేజ్ హార్నెట్’ అని మాత్రమే రాస్తే, మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. అలాంటి ప్రకటన కనిపిస్తే డబ్బు పంపే ముందు కిట్ నంబర్ అడగాలి. చాసిస్ అడుగు భాగం, గేర్‌బాక్స్, బాక్స్ అంచుల ఫొటోలు అడగాలి. ఇవ్వనంటే వదిలేయడమే మేలు.

ఇంట్లో పాత ఆర్‌సీ కారు ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇంకా చిన్నది. రిమోట్‌లో, కారులో బ్యాటరీలు ఉంటే వెంటనే తీసేయాలి. బాక్స్, మాన్యువల్, మిగిలిపోయిన స్టిక్కర్లు దొరికితే కలిపి పెట్టాలి. ఎండ తగలని చోట ఉంచాలి. ఏ ఏడాది, ఎక్కడ, ఎవరు కొన్నారో గుర్తున్నంత వరకు ఓ కాగితం మీద రాసి బాక్స్‌లో వేయాలి. రంగు వేయడం, పార్టులు మార్చడం తర్వాత సంగతి.

ద్రాక్షతోటల వాళ్లు సీసా మీద ‘చాలా పాతది’ అని రాయరు. ఏ ఏటి పంటో రాస్తారు. ఆర్‌సీ కారు బాక్స్ విషయంలోనూ అంతే. ఎంత పాతదన్నది కాలంతోపాటు మారిపోయే లెక్క. ఏ ఏటిదన్నది మాత్రం ఎప్పటికీ మారదు.